జిగురు చెప్పిన జవాబు

మా పెదనాన్న పుస్తకాలు బైండు చేసేవాడు. చదివేవాడు కాదు. "చదువుతూ కూచుంటే కుట్టేదెప్పుడు?" అనేవాడు. అయినా పుస్తకాన్ని చూసి దాని యజమాని గుట్టు ఇట్టే చెప్పేసేవాడు.

ఆయన పద్ధతి ఇదీ. బాగుచెయ్యడానికి వచ్చిన పుస్తకాన్ని వెన్ను కిందికి ఉండేలా బల్ల మీద నిలబెట్టి, రెండు చేతులూ వదిలేసేవాడు. అట్టలు చెరో పక్కకీ పడి, పుస్తకం తనకు అలవాటైన చోట తెరుచుకునేది. డాక్టరుగారి లావుపాటి వైద్య గ్రంథం బట్టతల గురించి రాసిన పేజీ దగ్గర తెరుచుకుంది. పాస్టరుగారి పాటల పుస్తకం అన్నిటికంటే చిన్న పాట దగ్గర తెరుచుకుంది. ఈ రెండో సంగతి పెదనాన్న నాకొక్కదానికే చెప్పాడు. నేను మా నాన్నకు చెప్పాను. నాన్న నోట్లో నువ్వు గింజ నానదు కాబట్టి ఆ ఆదివారానికల్లా సంఘమంతా పాకింది. పాస్టరుగారు మంచి మనిషి. ఆ వారం పట్టుబట్టి పధ్నాలుగు చరణాల పాట పాడించి మా అందరి మీదా కసి తీర్చుకున్నారు.

కొట్టు అంటే వీధి వైపు ఒక గది. మధ్యలో పుస్తకాలను బిగించే ఇనప ప్రెస్సు, మూల చిన్న పొయ్యి మీద జిగురు గిన్నె, కిటికీ పక్కన పాత దిండుకు గుచ్చిన దబ్బనాలు. వెనక రెండు గదుల్లో కాపురం. ఏ గదిలో కూచున్నా జిగురు వాసనే. మా పెద్దమ్మ పోయినప్పుడు, అన్నయ్యకు నెల రోజులు వండిపెట్టి వెళదామని మా మేనత్త వచ్చింది. ఆ నెల పదిహేనేళ్ళయింది. పొద్దున ఆసుపత్రిలో దుప్పట్లకు మాట్లు వేసే పని, మధ్యాహ్నం నుంచి ఇంటి పని. ఎదురు బడిలో పాఠాలు చెప్పే నేను మధ్యాహ్న భోజనానికి రోజూ అక్కడే తేలేదాన్ని. నా సొంత వంట అంత ఘనం మరి.

పెదనాన్న పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కూరలో ఉప్పు తక్కువైందంటే తక్కువైనట్టే. ఆయనతో పదిహేనేళ్ళు ఎవరైనా వేగారంటే అది మా అత్తయ్యే. ఆయన గొణిగేవాడు, ఆవిడ నవ్వేది. కడుపులో చల్ల కదలకుండా బతికాడాయన, ఆ సంగతి ఆయనకు తెలియదు. మగవాళ్ళకు సాధారణంగా తెలియదు.

అత్తయ్యకు దేవుడితో మహా చనువు. ఏదైనా తేల్చుకోవాలంటే ప్రార్థన చేసి, కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి, పేజీ మీద వేలు పెట్టేది. వేలి కింద ఏది వస్తే అదే దేవుని చిత్తం. కొత్త ఇస్త్రీ పెట్టె కొనాలా వద్దా అని అడిగితే ఒకసారి వంశావళి వచ్చింది. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను అని పేజీ అంతా పేర్లే. అన్ని తరాలు ఆగమని కాబోలు అనుకుని కొనడం మానేసింది. అప్పటినుంచి పెదనాన్న చొక్కాలన్నీ ముడతలతోనే తిరిగాయి.

ఇలాంటి చిన్నాచితకా విషయాలకు రోజూ చదివే బైబిలు సరిపోయేది. పెద్ద విషయాలకు మా నానమ్మ బైబిలు ఉండేది. అత్తయ్య దాన్ని తెల్ల గుడ్డలో చుట్టి బీరువా పై అరలో పెట్టింది. ఆదివారం గుడికి తీసుకెళ్ళడానికి తప్ప బయటికి తీసేది కాదు. చాలా ఏళ్ళుగా పెద్ద విషయమేదీ రాలేదు. ఆ తర్వాత తాళాలాయన వచ్చాడు.

గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల గిన్నెలు పెట్టే బీరువా తాళం బిగుసుకుపోయింది. ఊళ్ళో ఎవరివల్లా కాకపోతే, రైల్లో మూడు గంటల దూరంలో ఉన్న ఒక తాళాల మేస్త్రిని పాస్టరుగారు పిలిపించారు. యాభై ఏళ్ళ మనిషి. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. ఎలాంటి తాళమైనా తీస్తాడు గానీ నోరు మాత్రం తీయడు. ఆ రోజు గుడి ఊడుస్తున్న మా అత్తయ్య ఆయనకు మంచినీళ్ళిచ్చింది. తాళం పావుగంటలో తెరుచుకుంది. అయినా ఆయన దాన్ని సరిచూడటానికి ఇంకో మూడుసార్లు రైలెక్కి వచ్చాడు. నాలుగోసారికి పాస్టరుగారికే అనుమానం వచ్చింది. "ఏం బాబూ, తాళంలో ఇంకా ఏదైనా లోపముందా?" అని అడిగితే, "తాళంలో లేదండి" అని తలొంచుకున్నాడట.

అలా సంబంధం మా ఇంటికొచ్చింది. అత్తయ్యకు నలభై నాలుగేళ్ళు. నిమ్మళంగా విని, "దేవుణ్ణి అడిగి చెబుతాను. రెండు వారాలు ఆగి, ఆదివారం రమ్మనండి" అంది. ఎంత నిమ్మళంగా అందంటే, ఆ పూట టీలో పంచదార రెండుసార్లు వేసింది. పెదనాన్న దాన్ని చివరి చుక్కదాకా తాగాడు. టీ తియ్యగా ఉందని కూడా అనలేదు.

సోమవారం పొద్దున నానమ్మ బైబిలు కిందికి దిగింది. మంగళవారం మళ్ళీ దిగింది. బుధవారం మూడోసారి. ఆ మధ్యాహ్నం మేం ముగ్గురం భోజనానికి కూచున్నాక అత్తయ్య చెప్పింది.

"జవాబొచ్చింది. వద్దన్నాడు."

"ఎవరు?" అన్నాను.

"ఎవరేంటే, దేవుడు. మూడు రోజులూ అదే పేజీ. మొదటి రోజు వేలు సరిగ్గా ఆ మాట మీదే పడింది. నిన్న పక్క వరసలో పడింది గానీ, పేజీ మాత్రం అదే. ఈ పూట మళ్ళీ అదే."

లేచి వెళ్ళి బైబిలు తెచ్చి మా ముందు పెట్టింది. ఈ చోట పెళ్ళి చేసుకోవద్దని, పిల్లల్ని కనవద్దని దేవుడు ఒక ప్రవక్తకు చెప్పిన మాట అది. అంతకన్నా తిన్నగా ఏ మనిషికీ జవాబు రాదు. సాయంత్రం నాన్నకు చెబితే, "ఈ చోట వద్దన్నాడు కదా, వాళ్ళ ఊళ్ళో చేసుకుంటే సరి!" అన్నాడు. అప్పుడు మాత్రం నవ్వడానికి ఎవరికీ నోరు రాలేదు. అత్తయ్య నవ్వబోయింది గానీ, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

అంతకుముందు, మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర నేను అత్తయ్యను చూస్తుంటే పెదనాన్న పుస్తకాన్ని చూస్తున్నాడు. పేజీలో అక్షరాల్ని కాదు, రెండు పేజీలూ కలిసే లోపలి మడతను. అక్కడ సన్నటి గుడ్డ పట్టీ అంచు కనిపిస్తోంది.

ఆ పట్టీ ఆయన వేసిందే. రెండేళ్ళ కిందట అత్తయ్య జ్వరంతో పడుకున్నప్పుడు నానమ్మ బైబిలు నడుమ పేజీల కట్ట ఒకటి ఊడి చేతికొచ్చింది. మర్నాడు ఆదివారం. ఊడిన బైబిలు చూస్తే చెల్లెలికి జ్వరం ఇంకా పెరుగుతుందని, ఇంట్లో పనే కదా అని, పెదనాన్న తొందర తొందరగా లోపల గుడ్డ పట్టీ వేసి, చిక్కటి జిగురు దట్టంగా పూసేశాడు. ఆరకముందే ప్రెస్సులోంచి తీసేశాడు. బయటివాళ్ళ పుస్తకానికి అలా చేస్తే ఆయనే ఊరుకోడు. అలా పట్టీ వేసిన చోట వెన్ను బిర్రబిగుసుకుపోతుంది. ఆ తర్వాత పుస్తకాన్ని ఎవరు తెరిచినా, కళ్ళు మూసినా తెరిచినా, అక్కడే విచ్చుకుంటుంది. దేవుడు వద్దన్నది ఆ జిగురుతోనన్న మాట!

పెదనాన్నకు అన్నీ ఆ క్షణంలోనే అర్థమయ్యాయి. ఆయనే తర్వాత నాకు చెప్పాడు. అర్థమయ్యాక ఏం చేశాడో కూడా చెప్పాడు, సిగ్గుపడుతూనే. బైబిలు మూసి, "దేవుని చిత్తం" అని, కూర ఇంకొంచెం వేసుకున్నాడు.

ఆయనకు రొట్టె విరిగి నేతిలో పడింది మరి. చెల్లెలు ఎక్కడికీ వెళ్ళదు. టీ వేళకు టీ, వాదనకు మనిషి, జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి. ఇవన్నీ ఉంటాయి. నేనైనా అంతే చేసేదాన్నేమో. కానీ ఆ కూర ఆయనకు అరగలేదు.

మర్నాటి నుంచి తేలు కుట్టిన దొంగలా తయారయ్యాడు. డాక్టరుగారి గ్రంథానికి అట్ట తలకిందులుగా అంటించాడు. నలభై ఏళ్ళ వృత్తిలో అలాంటిది ఎన్నడూ జరగలేదు. డాక్టరుగారు దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇప్పుడు నేను తలకిందులుగా నిలబడి చదవాలా?" అన్నారు. పాస్టరుగారి పాటల పుస్తకానికి వెనక పేజీలు ముందు కుట్టాడు. అత్తయ్య ఆయన నాలుక చూసి, నాడి చూసి, మిరియాల కషాయం కాచి తాగించింది. మింగలేక కక్కలేక ఆయన పడిన అవస్థ ఆ కషాయం వల్ల కాదని నాకప్పుడు తెలియదు.

ఆయన కూడా దేవుణ్ణి అడిగాడు. ఎప్పుడూ అడగని మనిషి. అడిగింది కూడా తిన్నగా కాదు. "నేను నోరు మూసుకు కూచుంటే తప్పు కాదని ఏదైనా గుర్తు చూపించు" అని అడిగాడు. రోజూ అడిగాడు. గుర్తు రాలేదు. చివరికి, కుట్టు సరిచేసిన పాటల పుస్తకం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు పాస్టరుగారిని పక్కకు పిలిచాడు.

"పాస్టరుగారూ, ఒక మాట అడగొచ్చా? దేవుడు జిగురుతో కూడా మాట్లాడతాడా?"

పాస్టరుగారు ఆయన వంక కాసేపు చూశారు. "బైబిల్లో ఒక గాడిదతో మాట్లాడించినవాడు జిగురుతో మాట్లాడించలేడా? మాట్లాడించొచ్చు" అన్నారు.

పెదనాన్న ముఖం వెలిగిపోయింది. "అదే నేనూ అనుకున్నానండీ!"

"కానీ ఒకటి. మనం ఏం చెయ్యాలో మన మనసుకి ముందే తెలిసినప్పుడు, దేవుడు జిగురుదాకా రాడు. ఏం, దేన్నైనా అంటించకూడనిచోట అంటించావా?"

పెదనాన్న పాటల పుస్తకం ఆయన చేతిలో పెట్టి వచ్చేశాడు.

శనివారం వచ్చింది. మర్నాడు తాళాలాయన వస్తాడు. వద్దని ఎలా చెప్పాలో అత్తయ్య మాటలు కూడదీసుకుంటోంది. ఉత్తరంలో రాస్తే మర్యాద కాదని, ముఖాముఖి చెప్పాలని ఆవిడ పట్టు. "మీరు మంచివారండి" అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయేది. మళ్ళీ మొదలుపెట్టేది. నేను తాళాలాయనలా ఎదురుగా కూచుని తల ఊపుతున్నాను.

పెదనాన్న కొట్టులోంచి కేకేశాడు. "ఏమే, అమ్మ బైబిలు ఇలా పట్రా."

ఇద్దరం వెళ్ళాం. ప్రెస్సు పక్కన బల్ల ఖాళీ చేసి, గుడ్డ పరిచి ఉంచాడు. బైబిలు తీసుకుని, తనకు అలవాటైనట్టు వెన్ను మీద నిలబెట్టి చేతులు వదిలేశాడు. అది తెరుచుకుంది. అదే పేజీ.

"చూశావా!" అంది అత్తయ్య.

మళ్ళీ మూసి నిలబెట్టాడు. అదే పేజీ. మళ్ళీ. మళ్ళీ అదే. అత్తయ్య కళ్ళు పెద్దవయ్యాయి. ఏడోసారికి రెండు చేతులూ జోడించేసింది. "ఏడుసార్లు అన్నయ్యా! ఇంకా ఎవరికైనా అనుమానం ఉంటుందా? ఇది దేవుడు కాక మరెవరు?"

"నేను" అన్నాడు పెదనాన్న.

అత్తయ్యకు అర్థం కాలేదు. ఆయన ఆవిడ వేలు పట్టుకుని పేజీల మధ్య మడత మీద పెట్టాడు. "ఇదిగో, చూడు. గట్టిగా తగులుతోందా? గుడ్డ పట్టీ. నీకు జ్వరమొచ్చినప్పుడు నేను వేసింది. జిగురు ఎక్కువ పూశాను. అందుకే ఎప్పుడు తెరిచినా ఇక్కడే తెరుచుకుంటుంది. పిల్లి తోసి కింద పడేసినా ఇక్కడే తెరుచుకుంటుంది. నీకు వద్దని చెప్పింది దేవుడు కాదే. నా చేతకాని పని."

అత్తయ్య ఆ పట్టీని తడిమింది. ఒకసారి తనే మూసి తెరిచింది. "ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు చూపించిన రోజే."

"పది రోజులైంది!"

"పది రోజులైంది."

"పది రోజులూ నేను దొంగచాటుగా ఏడుస్తుంటే, నువ్వు కూచుని నా కషాయం తాగావా?"

"కషాయం చేదుగానే ఉందే" అన్నాడాయన, దీనంగా.

ఆవిడకు కోపం వస్తే గిన్నెలు మోగుతాయి. ఇక్కడ గిన్నెల్లేవు కాబట్టి దబ్బనాలు గుచ్చిన దిండు అందుకుంది. నేను అడ్డం వెళ్ళాను. నన్ను పక్కకు నెట్టి, ఎందుకో దిండు మళ్ళీ కిందపెట్టేసింది. స్టూలు మీద కూచుంది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"మరి ఇప్పుడెందుకు చెప్పావు? ఊరుకుంటే నేను ఇక్కడే పడి ఉండేదాన్ని కదా."

పెదనాన్న జిగురు గిన్నె వంక చూస్తూ జవాబిచ్చాడు. "నువ్వు ఇక్కడే ఉండాలని నాకుంది. నువ్వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనేం చెయ్యాలో నాకు తెలీదు. నాకు టీ పెట్టుకోవడం కూడా రాదు. ఎలాగైనా ఊరుకుందామనే చూశాను. చాతకాలేదే. ఎన్నిసార్లు నోరు కట్టుకున్నా, చెప్పు చెప్పు అని లోపల ఒకటే పోరు."

అత్తయ్య ఆయన్ని తేరిపార చూసింది. ఆవిడ ముఖం మెల్లమెల్లగా మారింది. ముందు పెదవి వణికింది, తర్వాత నవ్వు వచ్చింది, రెండూ కలిసిపోయాయి.

"అయితే జవాబొచ్చేసింది" అంది.

"ఏం జవాబు? ఎక్కడ?"

"నేను పుట్టినప్పటినుంచీ నిన్ను చూస్తున్నానన్నయ్యా. ఉప్పు తక్కువైందంటే ఒప్పించేదాకా వదలవు. నీకు నష్టమొచ్చే మాట నీ అంతట నువ్వు ఏనాడూ అన్నది లేదు. ఇవాళ నీ నోటి వెంట వచ్చిందంటే, అది నీ మాట కాదు."

పెదనాన్న నోరు తెరిచి ఏదో వాదించబోయాడు. ఆయనకు వాదన దొరకకపోవడం నేను చూడటం అదే మొదలు. తర్వాత ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. అత్తయ్య వీపు నిమురుతూ, "ఊరుకో, ఊరుకో. టీ పెట్టడం నేర్పిస్తాలే" అంది. ముగ్గురం ఏడ్చాం, ముగ్గురం నవ్వాం. నేను మధ్యాహ్నం బడికి ఆలస్యంగా వెళ్ళి హెడ్మాస్టరుగారితో చివాట్లు తిన్నాను. నాకేం బాధ కలగలేదు.

ఆదివారం తాళాలాయన వచ్చాడు. అత్తయ్య "మీరు మంచివారండి" అని మొదలుపెట్టి, అలవాటు కొద్దీ మళ్ళీ అక్కడే ఆగిపోయింది. పాపం, ఆయన దాన్ని వద్దనుకుని టోపీ తీసుకుని లేచాడు. పెదనాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడి, "కూచోవయ్యా! సరే అంటోంది!" అని అరిచాడు. వీధిలో సగం మందికి అలా తెలిసింది.

పెళ్ళికి ముందు పెదనాన్న నానమ్మ బైబిలును పూర్తిగా విప్పేశాడు. జిగురంతా గోకి, పట్టీ తీసేసి, ప్రతి కట్టనూ మళ్ళీ దారంతో కుట్టాడు. పది రోజులు పట్టింది. ఎన్ని రోజులు దాచాడో అన్ని రోజులు. ఇప్పుడది ఎక్కడ తెరిస్తే అక్కడ చదునుగా పరుచుకుంటుంది. పెళ్ళి బహుమతిగా ఇచ్చాడు. అత్తయ్య కొత్త ఇంటినుంచి రాసిన మొదటి ఉత్తరంలో దాని ముచ్చటే. "అన్నయ్యా, నువ్వు మరీ బాగా కుట్టావు. ఏ పేజీ దగ్గరా ఆగడం లేదు. వేలు పెట్టి లాభం లేదని మొదటినుంచి చదువుతున్నాను. వంశావళి దగ్గరున్నాను. ఇస్త్రీ పెట్టె కొనుక్కో."

పెళ్ళయి రైలెక్కబోయే రోజు ఇంకొకటి జరిగింది. మేమంతా సామాన్లు సర్దుతుంటే తాళాలాయన పెదనాన్న ఇంటి తలుపు దగ్గర చతికిలపడి, పాత తాళం ఊడదీసి కొత్తది బిగించాడు. ఎవరూ చెయ్యమనలేదు. అయ్యాక రెండు తాళపుచెవులు తీసి, ఒకటి పెదనాన్న చేతిలో పెట్టాడు. రెండోది అత్తయ్య చేతిలో పెట్టాడు. మేం ఆయన నోట విన్న అతి పొడుగు మాట అదే.

"ఈ ఇల్లు ఆవిడదే బావగారూ. ఎప్పుడొచ్చినా తలుపు కొట్టక్కర్లేదు."

పెదనాన్న స్టేషనులో ఏడవలేదు. ఇంటికొచ్చి, టీ పెట్టుకుని, గిన్నె మాడ్చి, అప్పుడు ఏడ్చాడు. తర్వాత వారం వారం కొంచెం నేర్చుకున్నాడు. రెండు నెలలు గడిచాక నేనొక మధ్యాహ్నం భోజనానికని వెళితే, ఆయన పొయ్యి ముందు నిలబడి గుడ్లతో కుస్తీ పడుతున్నాడు. ఇద్దరం తిట్టుకుంటూ వండుతున్నాం. వీధి తలుపు తాళంలో చెవి తిరిగిన చప్పుడైంది. పెదనాన్న గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

తలుపు కొట్టకుండానే అత్తయ్య లోపలికి వచ్చింది. చేతిలో సంచి కింద పెట్టనైనా పెట్టకుండా, "ఏంటన్నయ్యా ఆ మాడు వాసన? జరుగు, అవతలికి జరుగు" అంది.